శరణార్థులు: 7 నెలలు పని ఆపితే పదేళ్ల దెబ్బ.. వర్క్ పర్మిట్ లేటైతే ఏం జరుగుతుందో తెలుసా?

ప్రాణభయంతో దేశం దాటి వచ్చారు. తిండి పెట్టారు, ఉండటానికి చోటిచ్చారు. కానీ పని మాత్రం చేయొద్దన్నారు! చాలా ధనిక దేశాల్లో శరణార్థులకు మొదట ఎదురయ్యేది ఇదే. మరోవైపు "వీళ్లంతా మా ట్యాక్స్ డబ్బుల మీద బతుకుతున్నారు" అనే మాట అక్కడి ఎన్నికల సభల్లో మోగిపోతుంటుంది. మరి వాళ్లు ఎందుకు పని చేయడం లేదు? పరిశోధకులు ఏళ్ల తరబడి రికార్డులు తిరగేసి ఈ ప్రశ్నకు సమాధానం వెతికారు. తేలింది ఏంటంటే.. సమస్య వచ్చినవాళ్ల బద్ధకం కంటే, వాళ్లను కూర్చోబెట్టిన రూల్‌లోనే ఎక్కువగా ఉంది.

ముందు ఒక చిన్న క్లారిటీ. వేరే దేశానికి వెళ్లి "నన్ను కాపాడండి" అని అప్లికేషన్ పెట్టుకున్న మనిషి వెంటనే శరణార్థి అయిపోడు. ఆ దేశం ఫైల్ పరిశీలించి, నిజమే అని ఒప్పుకోవాలి. ఈ లోపు అతను ఆశ్రయం కోరిన వ్యక్తి మాత్రమే. ఈ మధ్య కాలమే అసలు కథ. దీనికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు కూడా పడుతుంది.

జర్మనీలో ఏం జరిగింది?

1997లో జర్మనీ ఒక కఠిన నిర్ణయం తీసుకుంది. కొత్తగా ఆశ్రయం కోరి వచ్చేవాళ్లెవరూ ఉద్యోగం చేయకూడదని నిషేధం పెట్టింది. పని దొరుకుతుందని తెలిస్తే ఇంకా ఎక్కువ మంది వస్తారన్నది అప్పటి లెక్క. తర్వాత 2001 మొదట్లో ఆ నిషేధం తీసేసి, 12 నెలలు ఆగితే చాలు అన్నారు. ఇక్కడే పరిశోధకులకు ఒక అవకాశం దొరికింది. యుగోస్లావియా యుద్ధాల నుంచి పారిపోయి 1999లో వచ్చినవాళ్లు, 2000లో వచ్చినవాళ్లు.. రెండు బ్యాచ్‌లూ దాదాపు ఒకే రకం మనుషులు. తేడా ఒక్కటే. ముందు వచ్చినవాళ్లు సగటున 7 నెలలు ఎక్కువ ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది.

ఐదేళ్ల తర్వాత చూస్తే ఏమైంది? ఎక్కువ కాలం ఆగిన బ్యాచ్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లు ప్రతి వంద మందికి దాదాపు 20 మంది తక్కువ! అప్పటికి రెండు బ్యాచ్‌లకూ పని చేసే హక్కు వచ్చి చాలా కాలమైంది. అయినా ఆ గ్యాప్ పూర్తిగా పోవడానికి పదేళ్ల వరకు పట్టింది. మొరిట్జ్ మార్బాక్, యెన్స్ హైన్‌ముల్లర్, డొమినిక్ హంగార్ట్‌నర్ అనే ముగ్గురు పరిశోధకులు 2018లో ఈ స్టడీని బయటపెట్టారు. వాళ్లు పరిశీలించిన ఆ గ్రూపు వరకే చూసినా సంక్షేమ ఖర్చు, రాకుండా పోయిన ట్యాక్స్ కలిపి జర్మన్ ట్యాక్స్ పేయర్ల మీద ఏడాదికి సుమారు 4 కోట్ల యూరోల భారం పడిందని లెక్కగట్టారు. డబ్బు ఆదా అవుతుందనుకుని పెట్టిన రూల్ ఇలా రివర్స్ కొట్టిందన్నమాట.

చేతకాక కాదు.. మనసు విరిగి

ఏడు నెలల్లో ఎవరూ వచ్చిన పని మర్చిపోరు కదా? అదే డౌట్ పరిశోధకులకూ వచ్చింది. స్విట్జర్లాండ్ డేటాతో 2016లో వచ్చిన మరో స్టడీ దీనికి కొంత సమాధానం ఇచ్చింది. ఫైల్ మీద నిర్ణయం కోసం ఒక ఏడాది అదనంగా ఎదురుచూస్తే, తర్వాత ఉద్యోగం దొరికే రేటు 4 నుంచి 5 శాతం పాయింట్లు పడిపోయింది. చిన్న నంబర్‌లా కనిపిస్తోందా? అక్కడ శరణార్థుల్లో ఉద్యోగం ఉన్నవాళ్ల సగటే తక్కువ కాబట్టి, ఆ సగటుతో పోలిస్తే ఇది 16 నుంచి 23 శాతం తగ్గుదల.

ఆడవాళ్లయినా మగవాళ్లయినా, ఏ దేశం నుంచి వచ్చినా, ఏ వయసులో వచ్చినా దెబ్బ మాత్రం ఒకేలా ఉంది. నైపుణ్యం తుప్పు పట్టడం కంటే నిరుత్సాహమే దీనికి కారణంగా కనిపిస్తోందని వాళ్లు చెప్పారు. రేపు ఉండనిస్తారో పంపేస్తారో తెలియని చోట భాష నేర్చుకోవాలని, పరిచయాలు పెంచుకోవాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

ఈ వెయిటింగ్ బాధ మన తెలుగు కుటుంబాలకూ కొంచెం తెలుసు. అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్న భార్యలు ఇంజినీరింగ్ డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్న రోజులు గుర్తున్నాయా? 2015లో రూల్ మారాకే వాళ్లలో కొందరికి పని చేసే పర్మిషన్ వచ్చింది. వాళ్లు శరణార్థులు కారు, కష్టం కూడా అదే స్థాయిది కాదు. కాకపోతే పర్మిట్ లేకుండా ఖాళీగా గడపడం ఎలా ఉంటుందో వాళ్లను అడిగితే చెబుతారు.

ఏ ఊరికి పంపారన్నదీ ముఖ్యమే

స్విట్జర్లాండ్‌లో ఇంకో సమస్య ఉంది. ఆశ్రయం కోరినవాళ్లను జనాభా నిష్పత్తిలో 26 కాంటన్లకు, అంటే మన రాష్ట్రాల్లాంటి వాటికి పంచుతారు. ఫ్రెంచ్ వచ్చిన ఆఫ్రికన్ మనిషి జర్మన్ మాట్లాడే కాంటన్‌లో పడితే? మళ్లీ మొదటి నుంచి మొదలు. భాష కలిసిన చోట పడ్డవాళ్లకు ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువని డానియల్ ఔవర్ అనే పరిశోధకుడి స్టడీలో తేలింది. దానికి ఆయన పెట్టిన పేరే 'లాంగ్వేజ్ రూలెట్'!

మరి లాటరీలా కాకుండా లెక్కవేసి పంపితే? అమెరికా, స్విట్జర్లాండ్ పాత డేటాను కంప్యూటర్‌కు ఇచ్చి, ఎవరికి ఏ ప్రాంతం నప్పుతుందో అంచనా వేసే అల్గారిథమ్ ఒకటి తయారుచేశారు. ఉన్న పద్ధతితో పోలిస్తే ఉద్యోగాలు 40 నుంచి 70 శాతం దాకా పెరగొచ్చని 2018లో 'సైన్స్' జర్నల్‌లో రాశారు. ఇది పాత డేటా మీద వేసిన అంచనా అని మాత్రం మర్చిపోకూడదు.

డబ్బు కట్ చేస్తే దారికొస్తారా?

డెన్మార్క్ 2002లో ఇదే ట్రై చేసింది. కొత్త శరణార్థులకిచ్చే భృతిని భారీగా తగ్గించింది. మొదట్లో ఉద్యోగాల్లో చేరేవాళ్లు పెరిగారు, రూల్ సక్సెస్ అనుకున్నారు. కానీ కొన్నేళ్లకే ఆ లాభం కరిగిపోయింది. ఇళ్లలో డబ్బుకు కటకట, షాపుల్లో చిల్లర దొంగతనాలు మాత్రం పెరిగాయి. 'ఆకలితో ఉంటే పని చేస్తారు' అనే ఆలోచన వినడానికి సింపుల్‌గా ఉంటుంది.. డెన్మార్క్ లెక్కలు మాత్రం అంత సింపుల్‌గా లేవు.

ఉక్రెయిన్ వాళ్లకు ఎలా కుదిరింది?

2022 మార్చి 4న యూరోపియన్ యూనియన్ ఒక పాత చట్టం దుమ్ము దులిపింది. 2001లో చేసిన ఆ తాత్కాలిక రక్షణ చట్టాన్ని అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడలేదు. దాని కింద ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లకు ఒక్కొక్కరి ఫైల్ తేలేదాకా ఆగకుండానే ఉండే హక్కు, పని చేసే హక్కు వచ్చేశాయి. 40 లక్షల మందికి పైగా ఈ రక్షణ పొందారు. అంతకుముందు ఏడాదే కొలంబియా కూడా వెనెజువెలా నుంచి వచ్చినవాళ్లకు పదేళ్ల పర్మిట్ ప్రకటించింది. అప్పటికి అక్కడున్న వెనెజువెలా వాసులు 17 లక్షల మంది! అంటే తలుచుకుంటే చేయొచ్చు. అయితే సిరియా, అఫ్గానిస్థాన్ వాళ్ల విషయంలో యూరప్ ఎందుకు ఇలా తలుచుకోలేదన్న ప్రశ్న అక్కడే వినిపిస్తోంది.

ఎక్కువ మంది వస్తారేమోననే భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, ఏ ప్రభుత్వానికైనా అది ఉంటుంది. కానీ సరిహద్దు దగ్గర ఆపడం వేరు, చివరికి ఇక్కడే ఉండిపోయే మనిషిని ఏడాదిన్నర ఖాళీగా కూర్చోబెట్టడం వేరు. జర్మనీ స్టడీ మాట్లాడింది ఈ రెండో దాని గురించే.

మరి మన దగ్గర?

1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. హైదరాబాద్ శివారు బాలాపూర్ పరిసరాల్లో వేల మంది రోహింగ్యాలు ఉంటున్నారు. చాలామంది చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంది. కానీ కేంద్రం మాత్రం వాళ్లను అక్రమ వలసదారులుగానే చూస్తోంది. కాబట్టి చెత్త ఏరడం, రోజు కూలీ లాంటి పనులతోనే బండి లాగుతున్నారు. జర్మనీలో నిషేధం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నదానికి తేదీలున్నాయి. అందుకే 7 నెలల నష్టాన్ని లెక్కగట్టగలిగారు. బాలాపూర్‌లో వెయిటింగ్ ఎప్పుడు ముగుస్తుందో చెప్పే తేదీ ఏ ఫైల్లోనూ లేదు.