వేగు చిక్కినప్పుడు ధర్మం ఏమంటుంది?

శ్రీమద్రామాయణ యుద్ధకాండ ప్రవచనం ముగిసిన ఒక సాయంకాలం ఒక పెద్దాయన నా వద్దకు వచ్చి ఇలా అడిగారు: "అయ్యా, శత్రువు పంపిన గూఢచారులు చేతికి చిక్కితే రామచంద్రుడు ప్రాణాలతో వదలిపెట్టాడు. దానిని కరుణ అనుకోవాలా, రాజనీతిలో పొరపాటు అనుకోవాలా? ఈనాడు ఏ దేశమైనా అలా చేస్తుందా?" వారి కుమారుడు సైన్యంలో చేరి సరిహద్దున కాపలా కాస్తున్నాడని తరువాతి మాటలలో తెలిసింది. ఆ ప్రశ్న వారికి కాలక్షేపం కోసం అడిగినది కాదు. ఆనాడు నేను క్లుప్తంగా చెప్పిన సమాధానాన్ని భక్తమహాశయుల కోసం ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

దూత వేరు, చారుడు వేరు

తన ప్రభువు పేరు చెప్పుకొని, బహిరంగంగా వచ్చి సందేశం వినిపించేవాడు దూత. వేషం మార్చుకొని, రహస్యంగా సమాచారం సేకరించేవాడు చారుడు. మన తెలుగులో వేగు, వేగులవాడు. ఈ భేదం రామాయణంలో స్పష్టంగా కనిపిస్తుంది. హనుమంతుడు రాత్రివేళ సూక్ష్మరూపంతో లంకను గాలించినప్పుడు చేసినది చారుని పని. రావణసభలో నిలిచి తాను రాముని పక్షాన వచ్చానని ప్రకటించినప్పుడు ఆయన దూత. రావణుడు వధకు ఆజ్ఞాపించగా విభీషణుడు అడ్డుపడి, దూతను చంపడం రాజధర్మానికి విరుద్ధమనీ, దూత తప్పు చేస్తే అందుకు వేరే దండనలు ఉన్నాయనీ వాదించాడు. వాలానికి నిప్పు పెట్టడం ఆ వాదం తరువాత జరిగినదే.

సేతువు దాటి వానరసేన లంకాతీరాన విడిసినప్పుడు కథ తిరగబడింది. రావణుడు శుకసారణులనే మంత్రులను వేగులుగా పంపాడు. వారు వానరరూపాలు ధరించి సేనలో కలిసిపోయి బలాన్ని అంచనా వేయసాగారు. ఈసారి వారిని గుర్తించి పట్టి తెచ్చినవాడు విభీషణుడే. ప్రాణభయంతో వణుకుతూ వారు తాము వచ్చిన పని ఒప్పుకొన్నారు. రాముడు నవ్వి, సేనను చూడడం పూర్తయితే సుఖంగా వెళ్ళవచ్చుననీ, ఇంకా చూడవలసినది మిగిలితే విభీషణుడే దగ్గరుండి చూపిస్తాడనీ చెప్పాడు. ఆయుధం లేక పట్టుబడినవారిని చంపడం తగదని అభయమిచ్చి, రావణునికి ఒక హెచ్చరికను కూడా వారి చేతనే పంపాడు.

ఇందులో కరుణ ఉన్నది, లెక్క కూడా ఉన్నది. వారు ఎవరో రూఢి అయినది; నేరం వారి నోటనే వెలువడినది; వారు చూసిన సేనాబలం శత్రువుకు తెలిస్తే రామునికి కలిగే నష్టమేమీ లేదు. ఆ మూడూ తేలిన తరువాతనే విడుదల. కనుక దీనిని అజాగ్రత్త అనడానికి వీలులేదు.

లంకకు తిరిగి వెళ్ళిన శుకసారణులు చూసినది చూసినట్లు విన్నవించి, సీతమ్మను అప్పగించడమే మేలన్నారు. శత్రువును పొగడుతున్నారని రావణుడు మండిపడి వారిని సభ నుండి వెళ్ళగొట్టాడు. నిజం తెచ్చిన వేగును శిక్షించే ప్రభువుకు ఆపైన ఇష్టమైన మాటలే వినిపిస్తాయి, నిజం వినిపించదు.

మూడు నోళ్ళు ఒకే మాట

గూఢచర్యాన్ని ఒక శాస్త్రంగా వివరించిన గ్రంథం కౌటిల్యుని అర్థశాస్త్రం. గృహస్థు, వర్తకుడు, తాపసుడు మొదలైన ఎన్నో వేషాలలో చారులను నియమించాలని అది చెబుతుంది. తాపసవేషధారి నగరం పొలిమేరలో ఉండి, నెలకో రెండు నెలలకో ఒకసారి అందరూ చూస్తుండగా ఇంత ఆకుకూరో పిడికెడు యవలో తిని, ఇష్టమైన భోజనం మాత్రం చాటుగా చేయాలట. ఆలయాలకూ ఆశ్రమాలకూ వచ్చే మనం చిరునవ్వుతో గుర్తుంచుకోవలసిన వాక్యమిది. కాషాయాన్ని చూసి నమ్మే జనస్వభావం రాజనీతిజ్ఞులకు ఆనాడే తెలుసు.

అయితే ఇన్ని వేషాలు చెప్పిన కౌటిల్యుడే ఒక కట్టుబాటు కూడా విధించాడు. చారులు ఒకరినొకరు ఎరుగకూడదు. ముగ్గురు వేరువేరుగా తెచ్చిన వార్త ఏకమైతేనే దానిని నమ్మాలి. మాటిమాటికీ తప్పుడు వార్త తెచ్చేవానిని తొలగించాలి, లేదా రహస్యంగా దండించాలి. చారుని మాట ఒక్కటే ఆధారమైతే రాజు చేతిలో నిరపరాధి ప్రాణం పోవచ్చునన్న ఎరుక ఈ కట్టుబాటులో నాకు కనిపిస్తుంది.

నేటి చట్టం

దూతకూ చారునికీ ఉన్న ఆ భేదాన్నే నేటి అంతర్జాతీయ చట్టం కూడా పాటిస్తున్నది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం రాయబారిని నిర్బంధించరాదు. అతని నడవడి నచ్చకపోతే అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించి స్వదేశానికి పంపివేయవచ్చు. యుద్ధకాలపు గూఢచారిని గూర్చి 1907 నాటి హేగ్ నిబంధనలు చెబుతాయి. సైనిక దుస్తులు విడువకుండా శత్రుభూమిలో ప్రవేశించి సమాచారం సేకరించిన సైనికుడు గూఢచారి కాడు. మారువేషంలో పట్టుబడినవానిని సైతం విచారణ లేకుండా శిక్షించరాదు. పని ముగించుకొని తన సేనను చేరి, ఆపైన యుద్ధంలో చిక్కినవాడు యుద్ధఖైదీయే. పాత గూఢచర్యానికి అతనిని బాధ్యుని చేయరాదు.

మన దేశంలో ఈ నేరానికి వర్తించేది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. దేశ భద్రతకు హాని కలిగించే ఉద్దేశంతో రక్షణ రహస్యాలు సేకరించినా, అందించినా పద్నాలుగేళ్ళ వరకు కారాగారశిక్ష పడవచ్చు. ప్రభుత్వపు అనుమతితో వచ్చిన ఫిర్యాదు లేనిదే న్యాయస్థానం ఈ నేరాన్ని విచారణకు స్వీకరించదు. రహస్యం బయటపడుతుందన్న కారణంతో విచారణ వేళ ప్రజలను వెలుపల ఉంచవచ్చు గాని, శిక్షను మాత్రం బహిరంగంగానే ప్రకటించాలి.

అనుమానం చేసే గాయం

గూఢచర్యం నిజంగా జరుగుతుంది, దేశాలు నిజంగా నష్టపోతాయి. అందువల్లనే ఈ నింద పడినవాని మాట వినే ఓపిక లోకానికి ఉండదు. 1894లో ఫ్రాన్సు సైన్యంలో ఆల్‌ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు అధికారిపై జర్మనీకి రహస్యాలు అమ్మాడన్న ఆరోపణ వచ్చింది. ఆధారం ఒక కాగితంలోని చేతివ్రాత. అతనికీ, అతని న్యాయవాదికీ చూపని పత్రాలను న్యాయమూర్తులకు రహస్యంగా అందించారు. అతనిని డెవిల్స్ దీవికి పంపారు. అసలు ఆ వ్రాత మరొక అధికారిదని రెండేళ్ళకే బయటపడినా, నిర్దోషిగా తేలి తిరిగి సైన్యంలో చేరడానికి 1906 వరకు పట్టింది.

మన దేశంలోనూ ఇటువంటిది జరిగింది. శ్రీహరికోట నుండి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రెండవ దశకు బలాన్నిచ్చే వికాస్ ఇంజన్ రూపకల్పనకు నాయకత్వం వహించిన శాస్త్రవేత్త శ్రీ నంబి నారాయణన్. 1994లో రాకెట్ రహస్యాలు విదేశాలకు అమ్మాడన్న ఆరోపణపై ఆయనను కేరళలో అరెస్టు చేశారు. ఆరోపణలకు ఆధారం లేదని సీబీఐ 1996లో తేల్చింది. 1998లో సుప్రీంకోర్టు ఆ కేసుకు ముగింపు పలికింది. 2018లో అదే న్యాయస్థానం ఆయన అరెస్టు అనవసరమని చెప్పి, యాభై లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. మరుసటి ఏడు పద్మభూషణ్ వచ్చింది. అరెస్టు నుండి పరిహారం దాకా గడిచిన ఇరవై నాలుగేళ్ళను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ రెండు ఉదంతాలలోనూ కౌటిల్యుడు చెప్పిన మూడు నోళ్ళ పరీక్ష జరగలేదు. రాముడు వేగును ఎదుట నిలబెట్టుకొని మాట విన్నాడు. ఇక్కడ వినడం కన్నా ముందే తీర్పు సిద్ధమైపోయింది.

ఆ పెద్దాయనకు నేను చెప్పినది ఇదే. నేటి ప్రభుత్వాలు రామునివలె వేగును నవ్వి పంపవు, పంపమని చట్టం కూడా అడగదు. మీ అబ్బాయి కాపలా కాసేది ఆ వేగుల నుండి కూడా గనుక, నిజమైన వేగుకు శిక్ష పడవలసినదే. అయితే వాడు ఎవరో తేలాలి, వాని మాట వినాలి, చేతికి చిక్కినవానిని హింసించరాదు. ఈ మూడూ వేగు మీద జాలితో చెప్పినవి కావు. రేపు పొరపాటున ఆ ముద్ర మన బిడ్డ మీద పడితే, వానిని కాపాడేవి ఇవే.

వారు కొంతసేపు మౌనంగా ఉండి, తమ చేతిఫోను తీసి చూపించారు. తమ వీధిలో కొత్తగా అద్దెకు దిగిన ఒక కుటుంబం శత్రుదేశపు మనుషులేమోనని ఎవరో పంపిన సందేశం అందులో ఉన్నది. దానిని మరి నలుగురికి పంపాలా వద్దా అన్న సందేహంతో వారు ఆ సాయంకాలం వచ్చారట. నిజంగా అనుమానం ఉంటే పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పండి, వీధికి చెప్పకండి అన్నాను. వారు నా ఎదుటనే దానిని తుడిచివేసి, స్వామివారి తీర్థం పుచ్చుకొని ఇంటికి వెళ్ళారు.

శుకసారణుల మాట విని న్యాయం చేసిన శ్రీరామచంద్రుడు మనకూ ఆ ఓర్పును ప్రసాదించుగాక.