గజ్జి పురుగు – వేడి

భిలాయ్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము ఉష్ణోగ్రత సుమారు 1500 డిగ్రీల సెల్సియస్. గజ్జి పురుగునూ, దాని గుడ్లనూ చంపడానికి మాత్రం 50 డిగ్రీల వేడి 10 నిమిషాలు చాలు. ఆ వేడికి వాటిలోని ప్రోటీన్లు చెడిపోతాయి.

కనుక రోగి వాడిన దుస్తులు, దుప్పట్లు, తువ్వాళ్లు మరిగే నీటిలో వేసి మూత పెట్టాలి. చల్లని బట్టలు నీటి వేడిని లాగేస్తాయి. గోరువెచ్చని నీరు చాలదు. ఉతకలేనివాటిని సంచిలో కట్టి కనీసం 3 రోజులు ఉంచాలి.

మరి చర్మంలో దాగిన పురుగు మాటేమిటి? అంత వేడి తగిలితే చర్మమే కాలిపోతుంది. దానికి వైద్యులు సూచించే పెర్మెత్రిన్ వంటి మందే మార్గం. మొదటిసారి గజ్జి సోకినవారికి దురద 4 నుంచి 6 వారాల తర్వాత గాని మొదలుకాకపోవచ్చు. అందుకే దురద లేకపోయినా ఇంటిల్లిపాదీ ఒకే రోజున చికిత్స పొందాలి.