డాబా మీద వాతావరణ కేంద్రం

అమీర్‌పేటలో బయల్దేరేటప్పుడు చినుకు లేదు. ఎల్బీనగర్‌ చేరేసరికి మోకాలి లోతు నీళ్లు! హైదరాబాద్‌ వాసులకిది మామూలే. 2020 అక్టోబరు 13, 14 తేదీల నాటి కుండపోతనే తీసుకోండి. బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు పడితే, శివారులోని ఘట్‌కేసర్‌ దగ్గర 32 సెంటీమీటర్లు నమోదైంది. మరి మన వీధిలో ఎంత కురిసింది? ఆ లెక్క తేల్చుకోవడానికే కొందరు డాబా మీద సొంతంగా వాతావరణ కేంద్రం పెట్టుకుంటున్నారు.

పెద్ద తతంగమేం కాదు. బయట గొట్టానికి బిగించే సెన్సర్ల సెట్టు ఒకటి, హాల్లో పెట్టుకునే తెర ఒకటి. మధ్యలో వైర్లుండవు, కబుర్లన్నీ రేడియో తరంగాల మీదే. గాలి వేగం, దిశ, వేడి, తేమ, వాన... అన్నీ కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. వాన కొలిచే పద్ధతి పిల్లలకు భలే సరదా. గరాటాలో పడ్డ నీరు తూగుడుబల్లలాంటి రెండు బుల్లి దొప్పల్లోకి చేరుతుంది. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది దాని స్థానంలోకి వస్తుంది. చాలా పరికరాల్లో ఒక్కో ఒరుగుకీ 0.2 మిల్లీమీటర్ల వాన లెక్క. మిల్లీమీటరంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే రెండువేల లీటర్లన్నమాట. ఇంకుడుగుంత తవ్వించేవారికి పనికొచ్చే లెక్కే!

కొనేముందు ఒక్క మాట. అమెరికాలో ఉన్న అబ్బాయితో తెప్పించుకునేవాళ్లు మనలో ఎక్కువే. అక్కడి పరికరాలు చాలావరకు 915 మెగాహెర్ట్జ్‌ మీద పనిచేస్తాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 865-868 లాంటివే ఉన్నాయి. పెట్టె మీద అది చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

అసలు కిటుకంతా బిగించడంలో ఉంది. మే నెల ఎండకు కాలిన శ్లాబుకి ఆనించి పెడితే అది కొలిచేది గాలి వేడిని కాదు, సిమెంటు వేడిని. ఏసీ బయటి యూనిట్‌ పక్కనైతే ఇక చెప్పక్కర్లేదు. పెరట్లో మట్టి నేల ఉంటే ఉష్ణోగ్రత సెన్సర్‌ను మనిషి ఛాతీ ఎత్తున, ఎండ తగలని తొడుగులో ఉంచడం ఉత్తమం. గాలి మీటరుకు మాత్రం ఎంత ఎత్తైతే అంత మంచిది. ప్రమాణం ప్రకారం పది మీటర్లు. వాటర్‌ ట్యాంకు చాటున పెడితే తుపాను గాలి కూడా పిల్లతెమ్మెరలా కనిపిస్తుంది. వానమాపకం కాస్త ఒరిగినా లెక్క తప్పుతుంది, కాబట్టి తాపీమేస్త్రీల రసమట్టం పెట్టి చూసుకోవాలి.

గాలి పీడనం దగ్గర కొత్తవాళ్లు తప్పక కంగారుపడతారు. హైదరాబాద్‌ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. అందుకే సరిచేయని పరికరం 950 మిల్లీబార్ల దగ్గర చూపిస్తుంది. అదే అంకె మచిలీపట్నంలో వస్తే పెనుతుపాను కిందే లెక్క! సెట్టింగుల్లో సముద్రమట్టం విలువకు మార్చుకుంటే ఆ గాభరా ఉండదు.

ఇది జోస్యం చెప్పదు, ఇప్పుడేం జరుగుతోందో చెబుతుంది. ఆ కబురూ చిన్నదేం కాదు. అర్ధరాత్రి వాన జోరు ఒక హద్దు దాటగానే అలారం మోగేలా పెట్టుకుంటే, సెల్లారులోని కారును, కింది వాటాలోని పెద్దవాళ్లను ముందే పైకి చేర్చవచ్చు. కోస్తాలో వేడితో పాటు తేమనూ గమనిస్తే ఏ రోజు తాతయ్యను ఎండలోకి పంపకూడదో తెలిసిపోతుంది.

ఇంట్లో లెక్క, వాతావరణ శాఖ లెక్క కలవకపోతే పరికరాన్ని తిట్టుకోకండి. వాళ్ల రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, ఇంట్లో తెర చాలావరకు అర్ధరాత్రి సున్నాకు వస్తుంది. వాన దంచికొడుతున్నా అంకె కదలకపోతే మాత్రం డాబా ఎక్కాల్సిందే. గరాటాలో వేపాకులు అడ్డుపడి ఉంటాయి, లేదంటే ఏ పావురమో గూడు కట్టేసి ఉంటుంది.