బజ్జీల మీద గ్రీన్‌ టీ... నూనెను కడిగేస్తుందా?

సంజామల అయినా, నంద్యాల అయినా ఉదయం టిఫినంటే ఉగ్గాని, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీలు. ఈమధ్య చాలా ఇళ్లలో వాటి వెనకే ఓ కప్పు గ్రీన్‌ టీ కూడా చేరుతోంది. తిన్న నూనెనంతా అది కడిగేస్తుందన్న ధీమా! మీ ఇంట్లోనూ ఇదే అలవాటైతే, ఆ కప్పు లోపల ఏం చేస్తుందో చూడండి.

మనం తిన్న నూనె చిన్నపేగులోకి చేరాక పైత్యరసం దాన్ని సన్నటి బిందువులుగా విడగొడుతుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్‌ అనే ఎంజైమ్‌ వాటిని ఇంకా చిన్నవిగా చేస్తేనే ఒంటికి పడతాయి. గ్రీన్‌ టీలోని కాటెచిన్లు, ముఖ్యంగా ఈజీసీజీ అనే పదార్థం, ఈ లైపేజ్‌కు అడ్డుపడతాయి. కొలెస్ట్రాల్‌ పేగు నుంచి రక్తంలోకి వెళ్లకుండా కొంత ఆపుతాయి కూడా. ప్రయోగశాలలో ఇదంతా బాగానే కనిపించింది. మనుషుల్లోనే ఫలితం చిన్నది. 14 అధ్యయనాలను కలిపి 2011లో లెక్కగడితే చెడు కొలెస్ట్రాల్‌ తగ్గింది డెసిలీటరుకు సగటున 2 మిల్లీగ్రాముల పైచిలుకే. బరువు తగ్గుదల చెప్పుకోదగ్గంత లేదని 2012లో కొక్రేన్‌ సమీక్ష తేల్చింది. దానికన్నా ఒక బజ్జీ తగ్గించుకోవడం నయం. చిన్న చెంచాడు నూనెలోనే దాదాపు 45 కేలరీలుంటాయి మరి!

అసలు చిక్కు వేరే ఉంది. నూనెకు అడ్డుపడాలంటే టీని తిండితోపాటే తాగాలి. అలా తాగితే అవే కాటెచిన్లు పప్పు, ఆకుకూర, జొన్నరొట్టెల్లోని ఇనుమునూ ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి ఇంట్లో ఇది నష్టపు బేరమే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. కాబట్టి గ్రీన్‌ టీ ఇష్టమైతే పదకొండింటికో, సాయంత్రం నాలుగింటికో తాగండి. ఐరన్‌ మాత్రను మాత్రం దాంతో మింగొద్దు. నిమ్మకాయ ఉంటే పప్పులో పిండుకోండి, ఇనుము బాగా ఒంటపడుతుంది.

బరువు తగ్గడానికంటూ అమ్మే గ్రీన్‌ టీ క్యాప్సూళ్ల సంగతి వేరు. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీని ఇలా తీసుకుంటే కాలేయానికి ముప్పు ఉండొచ్చని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2018లో హెచ్చరించింది. ఇప్పటికే వాడుతున్నారా? కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపేసి డాక్టర్‌ను కలవండి.