"ఓరి నీ దుంప తెగ!" అంటే తిట్టేనా?



ఈసారి మన గోడపత్రికకి ఇంగ్లీషు వాళ్ల "అబ్బో"లు, "అయ్యో"ల గురించి రాస్తున్నాను.

ముందుగా ఒక ప్రశ్న. మనవాడు ఎవడైనా లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంటే "ఓరి నీ దుంప తెగ! ఎంత పని చేశావురా!" అంటాం. వాడి దుంప తెగాలనా? కాదు గదా. అది ముద్దు. ఈ మాటని డిక్షనరీ పట్టుకుని ఇంగ్లీషులోకి మారిస్తే విన్నవాడు హడలిపోతాడు. వాళ్ల మాటల్ని అలాగే తెలుగులోకి మార్చుకుంటే మన గతీ అంతే.

బొర్రా గుహల్లో గైడు "ఇదంతా తొలిచింది నీళ్లేనండీ" అని చెప్పాడనుకుందాం. టూరిస్టు కళ్లు పెద్దవి చేసి "గెట్ ఔట్!" అన్నాడు. మాట ప్రకారం చూస్తే "బయటికి పో" అని. నవ్వుతూ అంటే మాత్రం "ఊరుకోవయ్యా, నిజమా!" అని. "నో వే" అన్నా దారి లేదని కాదు, "అబ్బే, ఎలా కుదురుతుంది!" అని. ఇది తెలియకపోతే గైడు ఉత్తి పుణ్యానికి చిన్నబుచ్చుకుంటాడు. తెలిస్తే ఇంకో రెండు కబుర్లు చెప్తాడు. అదే మాట మొహం చిట్లించి అంటే నిజంగా తిట్టే. కనుక మాటతో పాటు మొహం కూడా చూడాలి.

ఇంకొన్ని చూడండి:

వావ్ – ఆదివారం కోడికూర వాసన వస్తే మనం అనే "ఆహా!"

ఔచ్ – కాలికి రాయి తగిలితే "అబ్బా!"

ఫ్యూ – తప్పిపోయిన పుస్తకం దొరికితే "హమ్మయ్య!"

యక్ – "ఛీ!" పక్కవాడు తింటున్న కంచం చూసి అనకూడదు.

ఊప్స్ – గ్లాసు చేయి జారితే "అరెరె!" చిన్న పొరపాటుకే ఇది. ఎవరి పంటో వానకి పోయిందంటే ఊప్స్ అనడం చాలా తప్పు.

హోలీ కౌ – అమెరికా వాళ్ల మాట. మాటకి మాట "పవిత్రమైన ఆవు" అని. అక్కడ పూజా లేదు, ఆవూ లేదు. మన "ఓలమ్మో!" లాంటిదే.

గాష్ – దేవుడి పేరు ఊరికే ఎత్తకూడదని "గాడ్"ని కాస్త మార్చి పలికిన మాట.

హౌజాట్ – "హౌ ఈజ్ దట్", అంటే "అదెలా ఉంది?" అని అంపైరుని అడగడం. క్రికెట్ రూలు ప్రకారం ఫీల్డింగు వాళ్లు అడగనిదే అంపైరు ఔటివ్వకూడదు. కాబట్టి ఆ కేక ఉత్త అల్లరి కాదు.

రోజూ అనే "ఓకే" కూడా తమాషాగా పుట్టిందే. "ఆల్ కరెక్ట్"ని సరదాకి "ఓల్ కొరెక్ట్" అని తప్పుగా రాసి, మొదటి అక్షరాలు తీసుకున్నారు. 1839 మార్చి 23న అమెరికాలో బోస్టన్ పత్రికలో అది అచ్చయింది.

మన గ్రామరు పుస్తకం కూడా ఇదే చెప్తోంది. ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో "హుర్రా" ఎగిరిపోయి "విత్ జాయ్" వస్తుంది. "అలాస్" పోయి "విత్ సారో" వస్తుంది. అంటే ఈ మాటల్లో వెతకాల్సింది భావమే.

ఒక హెచ్చరిక. ఇవి తోటివాళ్లతో అనుకునే మాటలు. పరీక్ష పేపర్లో, పెద్దవాళ్ల దగ్గర పనికిరావు. సినిమాలో విన్న ప్రతి మాటా అనేయకండి. కొన్ని బూతులుంటాయి. ముందు ఇంగ్లీషు మాస్టారిని అడగండి.

చివరిగా ఒక మాట. మనలో కొందరి ఇంట్లో కువి, కొందరి ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. దెబ్బ తగిలితే నోట్లోంచి ముందు వచ్చేది ఇంటి మాటే. దానికి నవ్వకండి. "ఔచ్" అన్నవాడు గొప్పా కాదు, ఇంటి మాటతో అరిచినవాడు తక్కువా కాదు. నొప్పి ఇద్దరికీ ఒకటే.

పక్కన ఖాళీ కాయితం అంటించాను. మీ ఇంట్లో "అబ్బా", "అయ్యో" ఎలా అంటారో దాని మీద రాయండి. అందరం నేర్చుకుందాం.

– 9వ తరగతి విద్యార్థి