కుక్కకు ఎండుచేప ఎందుకు వద్దు?

భద్రాచలం దాటి అడవి వైపు వెళ్తే చాలా ఇళ్ల ముందు ఓ కుక్క కనిపిస్తుంది. మనం తిన్నదే దానికీ: పులుసన్నం, ఎండుచేప తల. గుండె జబ్బున్న ముసలి కుక్కకు ఆ చేప తలే ముప్పు.

ఎందుకు? గుండె నీరసిస్తే రక్తం సరిగా అందదు. ఒంట్లో నీళ్లు తగ్గాయేమోనని మూత్రపిండాలు పొరబడి ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకో పొట్టలోకో చేరుతుంది. కుక్క దగ్గుతుంది, ఆయాసపడుతుంది. అలాంటప్పుడు మనం ఎండుచేపతో ఉప్పు పెడితే నీరు ఇంకా పడుతుంది.

మరి ఏం పెట్టాలి? ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం, ముళ్లు తీసిన గోదావరి చేప, మెత్తని అన్నం. ఉల్లిపాయ మాత్రం వద్దు, అది కుక్క రక్తకణాలను పగలగొడుతుంది. జబ్బు చేసిందని ఒట్టి పప్పన్నంతో సరిపెట్టకండి. గుండె కండరానికి కావలసిన టారిన్ మాంసంలో, చేపలో ఉంటుంది, పప్పులో ఉండదు. పైగా ఈ జబ్బులో కుక్క కండ కరిగిపోతుంది. మందు మాత్రను బ్రెడ్డులో చుట్టి ఇస్తుంటారు కదా, బ్రెడ్డులోనూ ఉప్పుంటుంది!

కుక్క నిద్రపోతున్నప్పుడు ఊపిరికి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో గడియారం చూస్తూ లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతూ ఉంటే వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి.