బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ

బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ అనునది నొప్పి తీవ్రతను, ఆ నొప్పి దైనందిన జీవితానికి కలిగించే అవరోధాన్ని కొలిచే ప్రశ్నావళి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ క్లీలాండ్, ఆయన సహచరులు దీనిని మొదట కాన్సర్ రోగుల కొరకు రూపొందించారు. తొలి రూపం 1983లో ప్రచురితమైనది. తరువాత కీళ్ళనొప్పులు, నడుమునొప్పి వంటి దీర్ఘకాలిక బాధలకూ దీనిని వాడసాగారు. హిందీ రూపాన్ని ఉత్తర భారతదేశంలో పరీక్షించిన ఫలితాలు 1999లో వెలువడ్డాయి.

ప్రశ్నలు

తీవ్రతకు సంబంధించి నాలుగు ప్రశ్నలుంటాయి: అత్యధిక నొప్పి, అత్యల్ప నొప్పి, సగటు నొప్పి, ప్రస్తుత నొప్పి. అవరోధానికి ఏడు అంశాలున్నాయి. అవి సాధారణ కార్యకలాపాలు, మనఃస్థితి, నడక, పని, ఇతరులతో సంబంధాలు, నిద్ర, జీవితంలో ఆనందం. ప్రతిదానికీ 0 నుండి 10 వరకు అంకె ఇవ్వాలి. 0 అనగా అడ్డేమీ లేదని, 10 అనగా పూర్తిగా అడ్డుపడుతున్నదని అర్థం. "పని" అన్నచోట ఇంటిపని కూడా చేరుతుంది. ఇది గమనించదగ్గ విషయం. ఎలా ఉందని అడిగితే "ఫరవాలేదు" అనే గృహిణి కూడా, బిందె ఎత్తగలుగుతున్నారా అంటే వివరంగా చెబుతుంది.

లెక్కింపు

ఏడు అంకెల సగటే అవరోధ గణన. ఉదాహరణకు మోకాలి నొప్పిగల ఒక రైతు పై వరుసలో 7, 4, 9, 9, 2, 3, 8 అని చెబితే మొత్తం 42, సగటు 6. కనీసం నాలుగింటికి సమాధానాలుంటే సగటు కట్టవచ్చు. చదువురానివారికి ప్రశ్నలు చదివి వినిపించవచ్చు.

తీవ్రత, అవరోధం

ఈ రెండూ ఒకటి కావు. అదే నొప్పి కుర్చీలో కూర్చొని పనిచేసే గుమాస్తాకు చికాకు మాత్రమే కావచ్చు, నాట్లు వేసే కూలీకి కూలిడబ్బులే పోతాయి. 1995లో సెర్లిన్, క్లీలాండ్ తదితరులు అమెరికా, ఫ్రాన్సు, చైనా, ఫిలిప్పీన్స్ దేశాల కాన్సర్ రోగుల సమాధానాలను పరిశీలించారు. నొప్పి అంకె పెరిగినకొద్దీ అవరోధం సమానంగా పెరగలేదు, కొన్నిచోట్ల ఒక్కసారిగా పెరిగింది. ఆ మలుపులను బట్టే అత్యధిక నొప్పిని 1-4 స్వల్పం, 5-6 మధ్యస్థం, 7-10 తీవ్రం అని విభజించారు. అనగా నొప్పి ఎంత పెద్దదో నిర్ణయించినది అది ఆపివేసిన పనులే.

పరిమితులు

ఈ ప్రశ్నావళి రోగకారణాన్ని చెప్పదు. దిగులు వలన కూడా నిద్ర, మనఃస్థితి అంకెలు పెరగవచ్చు. నొప్పికి భయపడి నడకే మానుకున్న వ్యక్తి తక్కువ అంకె చెప్పే అవకాశం ఉంది. కనుక వైద్యుడు అంకెతో సరిపెట్టుకొనక, ఏ పనులు మానివేశారని కూడా అడుగవలసి ఉంటుంది.